ప్రాచీన ఈజిప్టు ప్రజల ఆహారం వారిని జబ్బుల నుంచి కాపాడిందా?

ప్రశ్న:
ప్రాచీన ఈజిప్టు వారికి చక్కెర గానీ శుద్ధి చేసిన నూనెలు గానీ తెలియవు కనుక గుండె జబ్బులు వారి దరి చేరలేదని ఒక వ్యాసంలో చదివాను. ముతక పిండితో చేసిన రొట్టె, బార్లీ బీరు, ఉల్లిపాయలు, నైలు నది చేపలు తిని, పొద్దంతా ఒళ్ళు వంచి పనిచేసేవారికి ఆ జబ్బులు రావడానికి ఆస్కారమే లేదని ఆ రచయిత వాదన. మమ్మీలను పరీక్షించినప్పుడు ఏం తేలిందో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు:
గుండె సంగతి కంటే ముందు పళ్ళను చూడాలని నా మనవి. ఎమ్మర్ అనే పాతకాలపు రకం గోధుమలను రాతి పలకలపై నూరేవారు కాబట్టి రాతిపొడి, దానికి తోడు ఎడారి ఇసుక పిండిలో కలిసిపోయేవి. ఏళ్ళ తరబడి ఆ రొట్టె నమిలితే పంటి పైపొర అరిగిపోయి, లోపలి గుజ్జు బయటపడి, దవడ ఎముకలో చీముగడ్డలు కట్టేవి. రాజులకు కూడా ఈ బాధ తప్పలేదు. మూడవ అమెన్‌హోటెప్ మమ్మీలో పళ్ళు బాగా పాడైపోయి కనిపిస్తాయి. ఆ ముతక పిండినే ఆరోగ్య రహస్యంగా చూపించడం నాకు సమ్మతం కాదు.

రెండవ జవాబు:
గుండె విషయంలో ఆ వ్యాసం పొరబడింది. 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో నాలుగు ప్రాంతాలకు చెందిన 137 మమ్మీలను సీటీ స్కాన్ చేయగా, 47 మందిలో గుండె జబ్బులకు దారితీసే విధంగా రక్తనాళాల గోడలు గట్టిపడిన ఆనవాళ్ళు కనిపించాయి. వారిలో 29 మంది ఈజిప్టు వారే. ఆలయాల్లో దేవతలకు నివేదించిన గొడ్డుమాంసం, బాతుమాంసం, కొవ్వు కలిపిన రొట్టెలు పూజ ముగిశాక పూజారుల ఇళ్ళకు చేరేవి గనుక, ఆ కుటుంబాల ఆహారంలో కొవ్వు ఎక్కువగా ఉండేదని పరిశోధకులు చెబుతారు.

ప్రశ్న అడిగినవారు:
వివరాలకు కృతజ్ఞతలు. అయితే ఇది సంపన్నులకే పరిమితమైన జబ్బు అనుకోవచ్చా?

రెండవ జవాబు ఇచ్చినవారు:
అలా అనుకోలేం. అదే అధ్యయనంలో అలాస్కా దగ్గరి అల్యూషియన్ దీవుల్లో వేటాడి, చేపలు పట్టి జీవించిన ఉనాంగన్ ప్రజల్లోనూ ఈ లక్షణాలు బయటపడ్డాయి. అందుకే ఆహారంతో పాటు వయసు, పొయ్యి పొగ, దీర్ఘకాలిక అంటువ్యాధులు కూడా కారణాలై ఉండవచ్చని కొందరు భావిస్తున్నారు.

మూడవ జవాబు:
సామాన్యుల విషయానికి వస్తే, రాజుల సమాధులు నిర్మించేవారు నివసించిన దేర్ ఎల్-మెదీనా గ్రామపు పనివారికి జీతం ధాన్యంగానే అందేది. నెలకు ఒక్కొక్కరికి నాలుగు బస్తాల ఎమ్మర్ గోధుమలు, ఒకటిన్నర బస్తాల బార్లీ వచ్చేవి. మూడవ రామ్సెస్ పాలనలో 29వ ఏట ఆ ధాన్యం సకాలంలో అందక, ఆకలితో ఉన్నామని చెబుతూ వారు పని మానేసి ఆలయాల దగ్గర బైఠాయించారు. దీనికి తోడు నైలు నీటిలో తిరిగేవారి ఒంట్లోకి పరాన్నజీవులు చేరేవి. 1910లో మార్క్ ఆర్మాండ్ రఫర్ అనే వైద్యుడు ఇరవయ్యవ రాజవంశ కాలపు రెండు మమ్మీల మూత్రపిండాల్లో అలాంటి పురుగుల గుడ్లను గుర్తించాడు. ఆ పురుగుల వల్ల మూత్రంలో రక్తం పోయి మనిషి నీరసించిపోతాడు కాబట్టి, కడుపు నిండా రొట్టె దొరికిన రోజుల్లో సైతం ఆ పనివారిలో చాలామంది రక్తహీనతతో బాధపడి ఉంటారని నా అభిప్రాయం.