హకోదాతేలో బ్రిటిష్ కాన్సులేట్ దేనికి?

బ్రాడీపేట గృహిణి:
మా అమ్మాయి సపోరోలో చదువుతోంది. ఫిబ్రవరిలో నేనూ మా వారూ వెళ్తున్నాం. రెండు రోజులు హకోదాతే కూడా పెట్టింది. చూడాల్సినవాటిలో పాత బ్రిటిష్ కాన్సులేట్ అని రాసింది. జపాన్‌కి ఉత్తరాన, చేపల రేవులో తెల్లవాళ్లకేం పని? మా వారైతే "వీసా ఆఫీసు చూడ్డానికి చలిలో కొండెక్కాలా" అంటున్నారు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

సత్యనారాయణపురం పెద్దాయన:
వీసాల కోసం పెట్టింది కాదమ్మా అది. ఓడల్లో పనిచేసే రోజుల్లో ఆ రేవులో దిగాను, అప్పటినుంచీ ఆ ఊరంటే ఇష్టం.

1854 ఒప్పందంతో అమెరికావాళ్లు షిమోదాతో పాటు హకోదాతేని తెరిపించారు. తిమింగలాల వేటకెళ్లే వాళ్ల ఓడలకి నీళ్లు, కట్టెలు, తిండి కావాలిగా. 1858లో రష్యా కాన్సల్ గొష్కేవిచ్ వచ్చాడు. రష్యావాడు వస్తే ఇంగ్లీషువాడు ఊరుకుంటాడా? 1859లో వ్యాపారం మొదలైంది, అదే ఏడు బ్రిటిష్ కాన్సల్ హాడ్జ్‌సన్ దిగాడు. సొంత భవనం లేదు, మొదట్లో మకాం బౌద్ధాలయంలోనే.

అసలు తిరకాసు బ్రిటిష్‌వాళ్లు జపాన్‌తో చేసుకున్న ఒప్పందంలో ఉంది. బ్రిటిష్‌వాడు జపాన్‌లో నేరం చేస్తే జపాన్ కోర్టు ముట్టుకోకూడదు, వాళ్ల కాన్సలే జడ్జి. 1865లో ఆ కాన్సులేట్ మనుషులే మోరి, ఒతోషిబే ఊళ్లలో ఐనుల, అంటే అక్కడి ఆదివాసుల, సమాధులు తవ్వి ఎముకలు ఎత్తుకుపోయారు. యూరప్‌లో అప్పుడు పుర్రెలు కొలిచే పిచ్చి ఉండేది లెండి. తీర్పు చెప్పాల్సింది ఎవరు? ఆ దొంగల పైఅధికారే! హకోదాతే పాలనాధికారి కొయిదే మాత్రం పట్టు వదల్లేదు. చివరికి కాన్సల్ వైజ్ కుర్చీ పోయింది, తవ్వినవాళ్లకి జైలు పడింది. ఆ షరతు మాత్రం 1899 దాకా పోలేదు. నన్నడిగితే ఆ గుమ్మంలో నిలబడి తలుచుకోవాల్సింది ఇదే. అక్కడికొచ్చేవాళ్లు ఎక్కువగా గులాబీ తోటలో ఫొటోలు దిగి పోతుంటారు.

ఇప్పుడున్న కట్టడం 1913 నాటిది. తెల్ల గోడలు, నీలం కిటికీ చట్రాలు, పైన జపాన్ పెంకు. 1934లో కాన్సులేట్ మూసేశారు. ఇప్పుడు మ్యూజియం.

అరండల్‌పేట మాస్టారు:
మన బందరులో 1611లో కంపెనీవాళ్లు పెట్టిన ఫ్యాక్టరీ, అంటే వర్తక కొఠీ, లాంటిదేగా?

సత్యనారాయణపురం పెద్దాయన:
కాదు మాస్టారూ. బందరులో కంపెనీవాళ్లే సరుకు కొని ఓడకెక్కించేవాళ్లు. కాన్సల్ సర్కారు ఉద్యోగి, బేరాలు బయటివాళ్లవి. పైగా హకోదాతే సరుకు ఎక్కువగా చైనాకే పోయేది. ఎండబెట్టిన కొంబు, అంటే సముద్రపు నాచు. ఆ బేరం చైనా వర్తకుల చేతిలో ఉండేది. ఇంగ్లీషువాళ్లలో గుర్తుండిపోయినవాడు బ్లేకిస్టన్ అనే వ్యాపారి. హకోదాతే ఉన్న హొక్కైదో దీవి పక్షులూ జంతువులూ, పక్కనే ఉన్న పెద్ద దీవి హోన్షూవీ చాలావరకు వేరువేరు జాతులని గమనించాడు. రెండింటి మధ్య జలసంధి మీదుగా గీసే ఆ సరిహద్దు గీతకి ఇప్పటికీ ఆయన పేరే.

బ్రాడీపేట గృహిణి:
ఎముకల సంగతి చదివి మా వారు వస్తానన్నారండీ! నడక ఎక్కువేనా? లోపల తినడానికేమైనా ఉంటుందా?

సత్యనారాయణపురం పెద్దాయన:
సుయెహిరోచోలో ట్రామ్ దిగితే దగ్గరే, కానీ మోతోయిజాకా ఏటవాలు రోడ్డు. ఫిబ్రవరిలో మంచు గడ్డకట్టి జారుతుంది, అడుగున పట్టుండే బూట్లు అక్కడే కొనుక్కోండి. లోపల టీ గది ఉంది, కేకులూ టీ దొరుకుతాయి. శాకాహారులైతే మాత్రం సంచిలో కందిపొడి వేసుకోండి, వేడన్నం అక్కడ ఎక్కడైనా దొరుకుతుంది.