‘నోపెలె’ని తెలుగులో ఏమందాం?

పసిఫిక్ దీవుల దేశం టోంగా మాజీ ప్రధాని తుఇవకనో మీద చిన్న వ్యాసం రాస్తూ రెండో వాక్యంలోనే ఆగిపోయాను. ఆయన ఒక ‘నోపెలె’. జమీందారు అందామా, ప్రభువు అందామా, దొర అందామా? నిఘంటువు ‘కులీనుడు’ అంటోంది గానీ, అది చూడగానే మనవాళ్లు ఏ కులం అని అడుగుతారు.

కరీంనగర్ నుంచి:
అన్నా, దొర అని మాత్రం రాయకు. మా దిక్కు ఆ మాట ఇంటే గడీ, వెట్టి యాదికొస్తయి. మా తాత గడీ ముంగట చెప్పులు చేతుల వట్టుకొని నడిసిండు. ఆ దీవుల సంగతి నాకెర్క లేదు గని, ఒక్క మాటతోని మా గడీని తీస్కపోయి ఆడ నిలవెట్టకు.

అడిగినాయన:
నిజమే తమ్ముడూ, దొర తీసేశాను. జమీందారు కూడా అతకడం లేదు. మన జమీందారు పేష్కషు, అంటే సర్కారుకి కట్టాల్సిన శిస్తు, కట్టకపోతే ఎస్టేటు వేలానికి వచ్చేది. టోంగాలో భూమి అమ్మకమే లేదు. నోపెలెకి ‘తోఫియా’ అనే వంశపారంపర్య భూమి ఉంటుంది, తుఇవకనోది నుకునుకు ఊరు. అందులోంచి పదహారేళ్లు నిండిన మగవాడు 8¼ ఎకరాల సాగుభూమి అడగవచ్చని చట్టం.

ఆక్లాండ్ నుంచి:
ఇక్కడ నాతో పనిచేసే టోంగా పెద్దాయన్ని అడిగాను, నవ్వాడు. ‘నోపెలె’ వాళ్ల మాటే కాదట, ఇంగ్లిషు ‘నోబుల్’ వాళ్ల నోట పడి అలా అయింది. పాత మాట ‘ఎఇకి’. 1875 రాజ్యాంగంలో మొదటి జార్జ్ టుపౌ రాజు ఆ పెద్దల్లో కొందరినే ఏరి నోపెలెలను చేశాడు, మిగతావాళ్లు ఉత్త ఎఇకిలుగా ఉండిపోయారు. ఇంకోటి, ‘తుఇవకనో’ పేరు కాదు, బిరుదు. మనిషి పేరు సియాలె అతాఒంగో కాహో.

నాకు బాగా నచ్చింది వాళ్ల మర్యాద మాటలు. మామూలు మనిషి వెళ్తే ‘అలు’, నోపెలె వెళ్తే ‘మెఅ’, రాజు వెళ్తే ‘హాఎలె’. మనం వచ్చాడు, విచ్చేశారు, వేంచేశారు అన్నట్టే. కాకపోతే మనం ‘వేంచేశారు’ని దాదాపు దేవుడికే వదిలేశాం.

విజయవాడ నుంచి:
మాస్టారూ, నోపెలె సంగతి సరే, మీ చిత్తుప్రతిలో ‘ప్రజలు ఎన్నుకున్న తొలి ప్రధాని’ అని ఉంది. అది పెద్ద తప్పు. 2010 సంస్కరణల తర్వాత సభలో 26 స్థానాలు: 17 జనానివి, 9 నోపెలెలవి. ఆ తొమ్మిదికీ ఓటేసేది నోపెలెలే. ఆ నవంబరు ఎన్నికల్లో అకిలిసి పోహివా పార్టీకి 17లో 12 వచ్చాయి. డిసెంబరులో సభ ప్రధానిని ఎన్నుకుంటే ఆయనకి ఆ పన్నెండు మీద ఒక్క ఓటూ కూడలేదు, తుఇవకనోకి 14 పడ్డాయి. జనం స్థానాలు ఎక్కువ వచ్చింది ఒక పక్కకి, కుర్చీ వెళ్లింది ఇంకో పక్కకి. ‘సభ ఎన్నుకున్న తొలి ప్రధాని’ అనండి. అంతకుముందు ప్రధానిని రాజే నియమించేవాడు.

చివర్లో ‘2014లో పదవి పోగొట్టుకుని స్పీకరుగా సరిపెట్టుకున్నాడు’ అన్నారు. అదీ మన కళ్లతో చూసి రాసిందే. పోహివా ప్రధాని అయ్యాడు, నిజమే. కానీ స్పీకరు కుర్చీ రాజ్యాంగం ప్రకారం నోపెలెలకే, సామాన్యుడికి ఇవ్వరు. ‘సరిపెట్టుకున్నాడు’ కొట్టేయండి.

అడిగినాయన:
కొట్టేశానమ్మా. ‘నోపెలె’ అనే ఉంచేస్తాను. మొదటిసారి వచ్చినచోట ‘బిరుదూ భూమీ తరతరాలుగా దక్కే పెద్ద’ అని చేరుస్తా.

కరీంనగర్ నుంచి:
ఇగ మంచిగుంది. గని అన్నా, ‘నోపెలెలు’, ‘నోపెలెలలో’ అని ఓసారి బయటికి సదువు. నాకైతే నాలుక మడతవడ్డది.