అప్‌డేట్: ‘బ్రేక్’ అంటే పలుగుడేనా అని అడిగిన కదా

మొన్న హన్మకొండల మా బిడ్డ ఇంగ్లిష్ పాఠంల ‘డే బ్రోక్’ అని సదివి "బాపూ, పొద్దు ఎట్ల పలుగుతది" అని అడిగితే జవాబు దొరకక ఈడ అడిగిన కదా, దానికి అప్‌డేట్. పొద్దు పొడిచింది అంటం కదా అని చెప్పిన, మరి సూర్యుడు ఎవల్ని పొడిచిండు అన్నది, నాకే నవ్వొచ్చింది.

మీరు చెప్పిన జవాబులల్ల బాగ పనికొచ్చింది బ్రేక్‌ఫాస్ట్ ముచ్చట. ఫాస్ట్ అంటే ఉపాసం, బ్రేక్ అంటే ఆపుడు, అంటే మా అమ్మ శనివారం ఒక్కపొద్దు ఇడుస్తది సూడు, గదే! ఇన్నేండ్లు ఇడ్లీ తింటున్న గని ఎన్నడు తట్టలే.

మాట తప్పుడు, రికార్డు దాటుడు, రూల్ తప్పుడు, అన్నిట్ల బ్రేకే. ‘అయాం బ్రోక్’ అంటే జేబుల పైస లేదని, అది బ్రోకెన్‌కే పాత రూపమట. బండి బ్రేక్ మాత్రం వేరే మాట, పలుకుడు ఒక్కటే గని స్పెల్లింగ్ వేరు, నేను రెండు ఒకటే అనుకున్న.

కని ఉల్టా కూడ ఉన్నది. మన పాలు ఇరుగుతయ్, ఇంగ్లిష్‌ల పాలకు బ్రేక్ అనరు, కర్డిల్ అంటరు. మనసు ఇరిగింది అన్నా హార్ట్‌బ్రేక్ కాదు, వాళ్లది గుండె పలిగే దుఃఖం, మనది ఇగ వాని మొకం సూడబుద్ధి గాకపోవుడు. ఇది చెప్తే బిడ్డ నోట్‌బుక్‌ల రాసుకున్నది, రేపు ‘రన్’ గురించి అడుగుతదట.