అప్‌డేట్: అమ్మానాన్నలతో సవానాలో రెండు రోజులు

అట్లాంటా నుంచి, జార్జియాలోనే ఉన్న సవానా ఊరికి వెళ్తున్నాం, అమ్మకి మోకాళ్ల నొప్పులు, రెండు రోజుల్లో ఎలా తిప్పాలి అని అడిగాను కదా. వెళ్లొచ్చాం. జవాబిచ్చినవాళ్లందరికీ థాంక్స్.

బాగా పనికొచ్చింది "కారు హోటల్లోనే వదిలెయ్యండి" అన్న సలహా. డౌన్‌టౌన్‌లో డాట్ షటిల్ బస్సు ఉచితం. నది దాటే ఫెర్రీ కూడా ఉచితమే అని తెలిశాక నాన్న పనేం లేకపోయినా రెండుసార్లు అటూ ఇటూ తిరిగొచ్చారు. పాత ఊళ్లో 22 స్క్వేర్లు (చిన్న పార్కులు), కూర్చోడానికి బెంచీలు, పైన ఓక్ చెట్ల నీడ. కొమ్మల నుంచి బూడిదరంగు పీచులా వేలాడే స్పానిష్ మాస్‌ని చూసి అమ్మ, "ఈ చెట్లు జడలు కట్టాయేంట్రా?" అంది.

ఇబ్బంది పడింది నది ఒడ్డున కిందికి ఉండే రివర్ స్ట్రీట్ దగ్గరే. ఆ రాతిమెట్లు మరీ నిటారు, కింద పరిచిన రాళ్లు ఎగుడుదిగుడు. క్యాబ్‌లో కిందికి దిగాం.

దగ్గర్లో బీచ్ ఉన్న టైబీ ఐలాండ్‌కి మాత్రం కారు తీశాం. లైట్‌హౌస్‌కి 178 మెట్లు, నేనొక్కడినే ఎక్కాను. ఊరు చూపించే ట్రాలీ బస్సు టూర్ టికెట్ల కోసం వెళ్లేముందు అంత టెన్షన్ పడ్డానా, అసలు కొననే లేదు.

మార్చిలో వెళ్లేవాళ్లు సెయింట్ పాట్రిక్స్ డే రోజులు చూసుకోండి, ఊరు కిక్కిరిసిపోతుంది.