వెదర్ గేజ్‌ని గాలివాటం అనొచ్చా?

ఒక మాట దగ్గర ఇరుక్కుపోయానండి, కాస్త సాయం చెయ్యండి. పాట్రిక్ ఓబ్రయన్ రాసిన ఆబ్రీ, మెట్యూరిన్ నవలలంటే నాకు ప్రాణం. నెపోలియన్ యుద్ధాల నాటి బ్రిటిష్ నౌకాదళం కథలు, మొదటిది 1969లో వచ్చింది, పూర్తయినవి మొత్తం 20. రోజూ రాత్రి మా పిల్లాడికి తెలుగులో చెప్తున్నా. తెరచాప, చుక్కాని, లంగరు, సరంగు అన్నీ హాయిగా దొరికాయి గానీ వెదర్ గేజ్ దగ్గర ఆగిపోయా.

రెండు ఓడలు ఎదురుపడితే గాలి ఎటునుంచి వీస్తోందో అటు ఉన్న ఓడకి వెదర్ గేజ్ ఉందంటారు. అదుంటే యుద్ధం ఎప్పుడు మొదలెట్టాలి, అసలు మొదలెట్టాలా వద్దా అన్నది చాలావరకు వాళ్ళ చేతిలోనే ఉంటుంది. అవతలి ఓడ నేరుగా మీదకి రాలేదు, ఎందుకంటే ఆ కాలపు అడ్డతెరచాపల ఓడలు గాలి వచ్చే దిక్కుకి దాదాపు 67 డిగ్రీల కన్నా దగ్గరగా పోలేవు, అటు కొంత ఇటు కొంత మలుపులు తిరుగుతూ రావాల్సిందే. నేనేమో "గాలివాటం మనవాళ్ళదే" అన్నా. వాడు వెంటనే "అంటే గాలికి కొట్టుకుపోతున్నారా?" అన్నాడు. వాడన్నదే కరెక్టు కదా, ఇప్పుడు గాలివాటం అంటే ఓ పద్ధతి లేకుండా ఎటు పడితే అటు పోవడమే. నాకు కావాల్సిందానికి పూర్తిగా ఉల్టా.

జవాబు: వాటంలోనే రెండూ ఉన్నాయండి. వాటంగా కూర్చోవడం అంటే అనుకూలంగా, ఎడమచేతివాటం అంటే ఆ చెయ్యి వైపు మొగ్గు. గాలి పక్కన చేరేసరికి గాలి ఎటు మొగ్గితే అటు అయిపోయింది. అంటే మీ లెక్కలో అది కింద, అంటే గాలి పోయే వైపు ఉన్న ఓడకి సరిపోయే మాట. పైచేయి అంటే సరిపోదా?

జవాబు: పైచేయి అంటే గెలిచేసినట్టే ఉంటుంది, అలా కాదు. గాలి గట్టిగా ఉంటే ఓడ గాలి పోయే వైపు ఒరుగుతుంది, గాలి వైపున్న ఓడ పోరాడాల్సింది ఆ ఒరిగిన పక్క నుంచే, కింది అంతస్తు ఫిరంగుల కిటికీలు నీళ్ళకి దగ్గరైపోయి ఒక్కోసారి తెరవడానికే ఉండదు. కింద ఉన్నవాళ్ళకి దెబ్బతిన్న ఓడల్ని గాలితో పాటే తప్పించుకోవడం కూడా తేలిక. ఫ్రెంచివాళ్ళు చాలాసార్లు కావాలనే అటు ఉండేవాళ్ళు.

జవాబు: నదికి అంటాం కదండీ, ఎగువ, దిగువ అని. గాలి కూడా పారేదే. గాలికి ఎగువన ఉన్న ఓడ, దిగువన ఉన్న ఓడ అంటే ఎవరు గెలుస్తారో చెప్పినట్టు ఉండదు, ఎవరెక్కడున్నారో చెప్పినట్టు ఉంటుంది.

మళ్ళీ నేనే: అబ్బ, ఇదేనండీ నేను వెతుకుతున్నది! దీంతో క్రియలు కూడా వాటంతటవే వచ్చేస్తున్నాయి. ట్రఫాల్గర్ యుద్ధం చెప్పి చూశా: 1805 అక్టోబర్ 21న బ్రిటిష్ నౌకాదళ సేనాని నెల్సన్ 27 పెద్ద యుద్ధనౌకలతో గాలికి ఎగువ నుంచి రెండు వరసలుగా దిగి, 33 ఓడల ఫ్రెంచి, స్పానిష్ వరసని మధ్యలో చీల్చాడు. "దిగి" అనగానే బొమ్మ కట్టేసింది, గాలి అనే మాట మళ్ళీ ఎత్తక్కర్లేకపోయింది. మలుపులు తిరుగుతూ గాలి మీదకి రావడాన్ని ఎదురెక్కడం అంటే సరి.

లీ షోర్, అంటే గాలి ఓడని తోసే వైపున్న ఒడ్డు, అది కూడా తేలిపోయింది, దిగువ గట్టు. తుఫానులో ఓడ ఎదురెక్కలేక, లంగరు నిలవక ఆ గట్టు మీదకే పోతుంటుంది చూడండి, గాలివాటం అనే మాట అక్కడికి దాచుకుంటున్నా.