వేరేవాళ్ళు కట్టిన హోమ్‌బిల్ట్ విమానం కొంటున్నాను, మెయింటెనెన్స్ అనుభవాలు చెప్పండి

కొత్తరెక్క:
అందరికీ నమస్కారం. రెండు సీట్ల హోమ్‌బిల్ట్ (ఫ్యాక్టరీలో కాకుండా సొంతంగా కట్టుకున్న విమానం) ఒకటి బేరానికొచ్చింది. అల్యూమినియం బాడీ, రోటాక్స్ 912 యూఎల్ఎస్ ఇంజిన్, 100 హార్స్‌పవర్. కట్టినాయనకు కంటిచూపు తగ్గి అమ్మేస్తున్నారు. నాకు ఎగరడం వచ్చు, స్పానర్ పట్టడం మాత్రం కొత్త. పనుల్లో ఏవి నేనే చేసుకోవచ్చు? బంకులో పోసే పెట్రోల్ సరిపోతుందా, విమానాల పెట్రోల్ ఏవ్‌గ్యాసే కావాలా? హ్యాంగర్ దొరక్కపోతే బయట కవర్ కప్పి ఉంచొచ్చా? కొనేముందు ముఖ్యంగా ఏం చూడాలి?

గాలివాటం:
రోటాక్స్ అంటున్నారు కాబట్టి ముందు ఆయిల్ చూడటం నేర్చుకోండి. కారులో లాగా గేజ్ పుల్ల తీసి చూస్తే తప్పు లెక్క వస్తుంది. దీని ఆయిల్ ఇంజిన్ అడుగున ఉండదు, విడిగా ట్యాంకులో ఉంటుంది. ఇంజిన్ ఆపాక కొంత ఆయిల్ లోపలే నిలిచిపోతుంది. ఇగ్నిషన్ స్విచ్‌లు రెండూ ఆఫ్‌లో ఉన్నాయని చూసుకుని, ట్యాంకు మూత తీసి, ప్రొపెల్లర్‌ను చేత్తో మెల్లగా తిప్పుతూ ఉండాలి. కాసేపటికి ట్యాంకులోంచి గుడగుడమని చప్పుడొస్తుంది. అంటే లోపలి ఆయిలంతా వెనక్కి వచ్చేసిందన్నమాట. లెవెల్ అప్పుడు చూడాలి. ఎప్పుడూ తిరిగే వైపుకే తిప్పండి, వెనక్కి తిప్పితే వాల్వ్ లిఫ్టర్లలోకి గాలి చేరుతుంది. మా ఫీల్డ్‌లో ఒకాయన ఇదేమీ చేయకుండా తక్కువుందనుకుని ఆయిల్ పోశాడు. స్టార్ట్ చేయగానే వెంట్ పైపులోంచి బయటికి చిమ్మింది.

లాంగ్‌ఈజీ_అభిమాని:
కొత్తరెక్క గారూ, మీ నాలుగో ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. గాయకుడు జాన్ డెన్వర్ 1997 అక్టోబర్‌లో ఎలా పోయారో ఒకసారి చదవండి. ఆయనది లాంగ్‌ఈజీ అనే హోమ్‌బిల్ట్. బర్ట్ రుటాన్ డిజైన్, వేరే ఆయన కట్టింది, డెన్వర్ కొనుక్కున్నారు. ప్లాన్‌లో ఇంధనం మార్చే సెలెక్టర్ పైలట్ కాళ్ళ మధ్య ఉంటుంది. కట్టినాయన దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక్కి మార్చేశారు. గాలిలో ట్యాంకు మార్చాలంటే వెనక్కి తిరిగి చెయ్యి పెట్టాలి. అలా తిరిగినప్పుడు కుడి రడ్డర్ పెడల్ (విమానం ముక్కును పక్కకు తిప్పేది) మీద కాలు నొక్కుకుపోయి విమానం అదుపు తప్పి ఉంటుందని దర్యాప్తులో తేల్చారు. సెలెక్టర్ మీద ఏ ట్యాంకు ఎటో గుర్తులు కూడా లేవు.

అందుకే అంటున్నాను, ఒరిజినల్ ప్లాన్లు చేతిలో పట్టుకుని విమానం పక్కన నిలబడండి. ప్లాన్‌కీ విమానానికీ తేడా ఉన్న ప్రతిచోటా "ఇది ఎందుకు మార్చారు?" అని కట్టినాయన్ని అడగండి. ఆయన అందుబాటులో ఉండడం మీ అదృష్టం. సీట్లో కూర్చుని బెల్టులు పెట్టుకుని, కళ్ళు మూసుకుని ప్రతి స్విచ్చీ, ప్రతి వాల్వూ అందుకుని చూడండి. అందకపోతే బేరం అక్కడితో ఆపండి.

రివెట్_రమణి:
నా విమానం నేనే కట్టాను. ఏళ్ళు పట్టింది, ప్రతి రివెట్టూ నా చేతి మీదుగా వెళ్ళింది, అందుకే ఈ రోజు ధైర్యంగా ఎగురుతున్నాను. అల్యూమినియం విమానం కొనేవాళ్ళు ఒక టార్చీ, ఒక చిన్న అద్దమూ తీసుకెళ్ళండి. బయట పెయింట్ చూసి మోసపోవద్దు, లోపలి వైపు రివెట్ తల చూడండి. కొట్టాక ఏర్పడిన తల వెడల్పు రివెట్ మందానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం ఉండాలి. ఒక పక్కకు ఒరిగినవి, చుట్టూ పగుళ్ళున్నవి, రేకు మీద పూర్తిగా కూర్చోనివి కనిపిస్తే ఎన్ని ఉన్నాయో, ఎక్కడున్నాయో చూడండి. ఒకటీ అరా అందరికీ ఉంటాయి. మెయిన్ స్పార్ (రెక్క బరువు మోసే దూలం) మీద వరసగా కనిపిస్తే మాత్రం వదిలేయండి.

మెయింటెనెన్స్ అంత భయపడాల్సింది కాదు. ఏడాదికోసారి ప్యానెళ్ళన్నీ తీసి, కేబుళ్ళూ పుల్లీలూ చూసి, గ్రీజు పెట్టి, తీసినవన్నీ తిరిగి బిగించడమే. నైలాక్ నట్లు (లోపలి నైలాన్ రింగు పట్టుతో వదులవకుండా ఉండేవి) కూడా వేళ్ళతో తిరక్కుండా పట్టుగా ఉంటే నేను మళ్ళీ అవే వాడతాను.

పాత_మెకానిక్:
ఆగండి. నైలాక్ నట్టు మళ్ళీ వాడతారా? కొత్తగా వచ్చిన మనిషికి చెప్పాల్సిన మాటేనా ఇది? నేను జీవితమంతా పెద్ద విమానాల మీదే పని చేశాను. విప్పిన నట్టు చెత్తబుట్టలోకి, కొత్త నట్టు బోల్టు మీదికి. మాకు తెలిసింది అదొక్కటే. నట్టు ఖరీదెంత, ప్రాణం ఖరీదెంత?

రివెట్_రమణి:
పాత మెకానిక్ గారూ, మీ అనుభవానికి నమస్కారం. కానీ అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ వాళ్ళ రిపేరు పద్ధతుల పుస్తకం ఏసీ 43.13 నాకు బాగా తెలుసు. నట్టులో పట్టు మిగిలి ఉంటే మళ్ళీ వాడుకోనిస్తుంది, పట్టు పోతే తీసేయమంటుంది. నేను చేస్తున్నది అదే. మీ కంపెనీ పద్ధతి వేరైతే అది మీ కంపెనీ పద్ధతి. దాన్ని అందరికీ చట్టంలా చెప్పకండి.

పాత_మెకానిక్:
పుస్తకం చదవడం వేరమ్మా, చేత్తో పని చేయడం వేరు. వేళ్ళతో తిరగడం లేదు అంటే ఎవరి వేళ్ళు? మీవా, నావా? వేళ్ళు కొలత పరికరమా?

రివెట్_రమణి:
ఈ "అమ్మా"లు వద్దు. నేను కట్టిన విమానం నాలుగు ఇన్‌స్పెక్షన్ల కళ్ళ ముందు నిలబడింది. విషయం మాట్లాడండి.

టార్క్_రెంచ్:
ఇద్దరూ కాస్త తగ్గండి. వేళ్ళ సంగతి వదిలేయండి, దీన్ని కొలవొచ్చు. నట్టును బోల్టు మీదికి ఎక్కించి, రేకుకు ఇంకా ఆనకముందే టార్క్ రెంచ్‌తో తిప్పుతూ రీడింగ్ చూడండి. అది నైలాన్ పట్టు. మీరిద్దరూ మర్చిపోయిన సంగతి ఇంకొకటుంది. ఆ రీడింగ్‌ను అసలు టార్క్‌కి (బిగించే బలానికి) కలపాలి. ఏఎన్3 అనే చిన్న సైజు బోల్టుకు 20 నుంచి 25 ఇంచ్ పౌండ్లు కావాలి. నైలాన్ పట్టుకే కొన్ని ఇంచ్ పౌండ్లు పోతాయి. అది కలపకుండా రెంచ్ 20 దగ్గర క్లిక్‌మంటే బోల్టు నిజంగా బిగిసింది అంతకంటే తక్కువే. దానికంటే పెద్దదైన ఏఎన్4కి 50 నుంచి 70 కాబట్టి అక్కడ తేడా అంతగా తెలియదు. చిన్న బోల్టుల దగ్గరే అసలు తంటా. పట్టు దాదాపు సున్నా చూపిస్తే ఆ నట్టు తీసేయండి, వాదనే అక్కర్లేదు.

పాత_మెకానిక్:
కొలిచి చేస్తానంటే ఒప్పుకుంటాను, ఎంతమంది కొలుస్తారో మాత్రం నాకు తెలుసు. మళ్ళీ వాడినా వాడకపోయినా నైలాక్ అసలే పెట్టకూడని చోట్లు రెండున్నాయి, అవీ రాసుకోండి. ఫైర్‌వాల్‌కి (ఇంజిన్‌కీ కాక్‌పిట్‌కీ మధ్య గోడకి) ముందు, ఎగ్జాస్ట్ దగ్గర వేడి 120 డిగ్రీల సెల్సియస్ దాటితే నైలాన్ మెత్తబడుతుంది. అక్కడ పూర్తిగా లోహంతో చేసిన లాక్‌నట్టే పెట్టాలి. ఇక బోల్టు తిరిగే జాయింట్లలో, అంటే కంట్రోల్ రాడ్ చివర్లలాంటి చోట్ల, క్యాజిల్ నట్టు (పైన గాళ్ళున్నది) పెట్టి, ఆ గాళ్ళలోంచి కాటర్ పిన్ను వేయాలి. సెకండ్ హ్యాండ్ విమానాల్లో ఈ రెండు తప్పులూ నేను చూస్తూనే ఉంటాను. బిగించాక నట్టు మీంచి రేకు మీదికి రంగు గీత పెట్టండి. తరవాత కదిలితే గీత విరిగి కనిపిస్తుంది.

కొత్తరెక్క:
చాలా నేర్చుకుంటున్నాను, థాంక్స్. పెట్రోల్ సంగతి ఎవరైనా చెబుతారా?

బంకుపెట్రోల్:
నేను చెబుతాను, ఎందుకంటే ఏవ్‌గ్యాస్ వాళ్ళ బెదిరింపులు విని విసుగొచ్చింది. 912 యూఎల్ఎస్‌కి కనీసం 95 ఆక్టేన్ పెట్రోల్ కావాలి. మంచి బంకు పెట్రోల్ దానికి మేలే చేస్తుంది. 100ఎల్‌ఎల్ ఏవ్‌గ్యాస్‌లో లీటరుకు 0.56 గ్రాముల దాకా సీసం ఉండొచ్చు. ఆ సీసం ఆయిల్‌లో బూడిద రంగు బురదలా చేరి ట్యాంకు అడుగునా, గేర్‌బాక్స్‌లోనూ పేరుకుంటుంది. ఎప్పుడూ ఏవ్‌గ్యాసే పోస్తే ఆయిల్ ఇంకా తొందరగా మార్చాలని రోటాక్సే రాసింది.

ఇథనాల్ గురించి కూడా. ఇంజిన్‌కు 10 శాతం వరకు పర్వాలేదు. అసలు తంటా ట్యాంకుతో, పైపులతో, ఓ-రింగులతో. ట్యాంకు దేనితో చేశారు, లోపల ఏ సీలెంట్ పూశారు అన్నది కట్టినాయన్నే అడగాలి. ఫైబర్‌గ్లాస్ ట్యాంకైతే ఇథనాల్ వద్దే వద్దు, రెజిన్ మెత్తబడి ఫిల్టర్‌లోకి వస్తుంది. పెట్రోల్‌లో ఇథనాల్ ఉందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. గీతలున్న గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల నీళ్ళు, వాటి మీద 100 మిల్లీలీటర్ల పెట్రోల్ పోసి, బాగా కుదిపి, కదలకుండా పెట్టండి. అడుగున నీళ్ళు 10 గీత దగ్గరే ఆగితే ఇథనాల్ లేదు. పైకి పెరిగితే అంతమేర ఇథనాల్ నీళ్ళలోకి దిగిందని అర్థం.

గాలివాటం:
వేపర్ లాక్ మాట ఎందుకు దాటేశారు? ఎండలో నిలబెట్టిన విమానం, కౌలింగ్ (ఇంజిన్ మీది మూత) లోపల మగ్గిన వేడి, బంకు పెట్రోల్. టేకాఫ్ మధ్యలో పైపులో ఆవిరి పట్టి ప్రెషర్ పడిపోతే ఏం చేస్తారు?

బంకుపెట్రోల్:
దాటేయలేదు. మిగిలిన పెట్రోల్‌ను ట్యాంకుకు తిప్పి పంపే రిటర్న్ లైన్ ఉండాలి, పైపులకు వేడి తగలని తొడుగు ఉండాలి, టేకాఫ్‌కు బూస్ట్ పంప్ ఆన్ చేసుకోవాలి. ఇవి లేని విమానంలో ఏ పెట్రోల్ పోసినా నేను ఎక్కను.

కర్రరెక్క:
అందరూ రేకు విమానాల మాటే. చెక్క, బట్ట విమానాలు నడిపేవాళ్ళం కూడా ఉన్నాం ఇక్కడ. స్టీవ్ విట్‌మన్ పేరు తెలియని హోమ్‌బిల్డర్ ఉండడు. విమానాల రేసర్, టెయిల్‌విండ్ అనే విమానం డిజైనర్. సెస్నా వాళ్ళు వాడుకున్న స్ప్రింగ్ స్టీల్ ల్యాండింగ్ గేర్ ఆలోచన ఆయనదే. అంతటి మనిషి 1995లో తాను కట్టిన విమానంలోనే భార్యతో సహా చనిపోయారు. రెక్క వెనక అంచు దగ్గర బట్ట అతుకు ఊడిపోయి ఎయిలరాన్ (రెక్క చివర కదిలే పలక), రెక్క ఫ్లట్టర్‌లోకి, అంటే అదుపులేని వణుకులోకి వెళ్ళాయి. అతికించిన తీరు సరిగా లేదని దర్యాప్తు తేల్చింది. అందుకని బట్ట, గమ్ము, డోపు (బట్ట మీద పూసే పూత) అన్నీ ఒకే పద్ధతివి వాడండి. ఒకరి గమ్ము మీద ఇంకొకరి డోపు పూయకండి. ఎగిరేముందు అంచుల వెంట బొటనవేలితో నొక్కుతూ ఒక చుట్టు తిరగడం నేను ఏనాడూ మానను. రెక్క కింది డ్రెయిన్ రంధ్రాలు పెయింటుతో మూసుకుపోతే లోపల నీళ్ళు నిలిచి చెక్క కుళ్ళుతుంది, అవీ చూసుకోండి.

చెక్క ప్రొపెల్లర్ వాళ్ళకు ఇంకో మాట. గాలి పొడిబారినప్పుడు చెక్క కుంచించుకుని హబ్ బోల్టులు వదులవుతాయి. కాలం మారినప్పుడల్లా టార్క్ చూసుకోవాల్సిందే.

లాంగ్‌ఈజీ_అభిమాని:
కర్రరెక్క గారూ, ఆయన అడిగింది అల్యూమినియం విమానం గురించి.

కర్రరెక్క:
అడిగింది ఒకరే అయినా చదివేది అందరూ.

ఐడిల్_రాజు:
కార్బ్యురేటర్ల బ్యాలెన్స్ ఎవరూ చెప్పలేదేంటి? ఈ ఇంజిన్‌కు రెండు కార్బ్యురేటర్లు, ఒక్కోటీ రెండేసి సిలిండర్లు చూసుకుంటుంది. థ్రాటిల్ కేబుల్ ఒకవైపు కొంచెం సాగినా తక్కువ ఆర్‌పీఎంలో ఇంజిన్ గజగజ వణుకుతుంది. ఆ దెబ్బంతా గేర్‌బాక్స్ మీద పడుతుంది. వ్యాక్యూమ్ గేజ్‌లు రెండు తగిలించి సమం చేసుకోండి, కొత్తవాళ్ళు కూడా చేయగలిగిన పనే. నాది మొదటిసారి సమంగా కుదిరిన రోజు ఇన్‌స్ట్రుమెంట్ ప్యానెల్ మీద అంకెలు వణక్కుండా నిలబడ్డాయి, ఆ ఆనందం ఇంత అని చెప్పలేను. కొనేముందు రబ్బరు పైపులు ఎప్పుడు మార్చారో కూడా అడగండి. ఐదేళ్ళకోసారి మార్చాలన్నది రూలు. లాగ్‌బుక్‌లో లేకపోతే మార్చలేదనే లెక్క.

గాలివాటం:
హ్యాంగర్ ప్రశ్న మిగిలిపోయింది. దొరికేదాకా ఆగండి. కౌలింగ్ లోపల పిట్టలు ఒక్క పూటలో గూడు కట్టేస్తాయి, ఎండకు కానపీ (కాక్‌పిట్ మీది పారదర్శక కప్పు) పగుళ్ళిస్తుంది. తప్పనిసరైతే కంట్రోల్ లాకులు పెట్టి, రెక్కలు నేలకు కట్టి ఉంచండి.

కొత్తరెక్క:
రేపు కట్టినాయన దగ్గరికి వెళ్తున్నాను. ట్యాంకు సీలెంట్, రబ్బరు పైపుల తేదీలు, ప్లాన్‌తో తేడాలు అడుగుతాను. బరువు లెక్క కాగితం ఉందన్నారు, కానీ పెయింట్ ఆ తరవాత వేయించారట. ఫర్వాలేదా?

టార్క్_రెంచ్:
ఫర్వాలేదని అనుకోవద్దు. పెయింట్‌తో బరువు పెరుగుతుంది, తోక మీద ఎక్కువ పూతలు పడితే సెంటర్ ఆఫ్ గ్రావిటీ వెనక్కి జరుగుతుంది. వెనక లిమిట్ దాటిన విమానం స్టాల్‌లోంచి (రెక్కలు ఎత్తే బలం కోల్పోయిన స్థితిలోంచి) బయటికి రాకపోవచ్చు. మూడు చక్రాల కింద మూడు త్రాసులు పెట్టి, విమానాన్ని లెవెల్‌కి తెచ్చి, మీ ముందే తూచమనండి. ట్యాంకులు ఖాళీ చేయించి, ఇంజిన్ వాడుకోలేక అడుగున మిగిలే ఇంధనం మాత్రం ఉంచి తూచాలి.

పాత_మెకానిక్:
ఎటూ ట్యాంకులు ఖాళీ చేస్తున్నారు కాబట్టి ఫ్లో టెస్ట్ కూడా చేయించండి. ముక్కు పైకెత్తి, పైకి ఎక్కే భంగిమలో ఉంచి, కార్బ్యురేటర్ దగ్గర పైపు విప్పి, నిమిషానికి ఎంత పెట్రోల్ వస్తుందో క్యాన్‌లో పట్టండి. పంపుతో నడిచేదైతే టేకాఫ్‌లో ఇంజిన్ తాగేదానికి 125 శాతం, గ్రావిటీతో దిగేదైతే 150 శాతం రావాలి. దగ్గర ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకోండి, క్యాన్‌నూ విమానాన్నీ వైరుతో కలిపి ఎర్త్ చేయండి. రేపు కౌలింగ్ తీయించినప్పుడు ఫైర్‌వాల్ ముందు నట్ల ఫొటోలు దగ్గరగా తీసి ఇక్కడ పెట్టండి, ఏది నైలాకో ఏది లోహమో నేను చూసి చెబుతాను. రమణి గారూ, మీరూ చూడండి.