జెస్సీ ఎడ్ డేవిస్ గిటార్ గురించి చెప్పడానికి ముందు ఆయన తెగ పేరు చెప్పాలా?

నిశిరాగం:
ఈమధ్య గిటారిస్టు జెస్సీ ఎడ్ డేవిస్ గురించి ఎక్కడ చదివినా మొదటి వాక్యం ఒకటే: కయోవా, కమాంచీ అనే అమెరికా ఆదివాసీ తెగల బిడ్డ. నిజమే, 1944లో ఓక్లహోమాలోని నార్మన్‌లో పుట్టాడు. కానీ తాజ్ మహల్ (ఆగ్రాది కాదు, అమెరికా నల్లవాళ్ళ సంగీతం ‘బ్లూస్’ పాడే గాయకుడు) 1968 ఆల్బమ్‌లో ‘స్టేట్స్‌బరో బ్లూస్’ వినండి. గొంతు ఆగిన చోటల్లా ఆ స్లైడ్ గిటార్ (వేలికి గొట్టం తొడిగి తీగల మీద జార్చి వాయించేది) బదులు పలుకుతుంది, ఎక్కడా అడ్డం రాదు. అందులో తెగ ఎక్కడ వినిపిస్తోంది? బ్లూస్ ఒంటబట్టిన చెయ్యి వినిపిస్తోంది. కులగోత్రాలు చెప్పాక గానీ వాయింపు సంగతి ఎత్తకపోవడం నాకు నచ్చదు.

గోదారిగట్టు:
ఆ కులగోత్రాలు మనం తగిలించినవి కావండీ, ఆయనే చెప్పుకున్నాడు. 1971లో వచ్చిన తొలి సోలో ఆల్బమ్‌లో ‘వాషితా లవ్ చైల్డ్’ వినండి. వాషితా నది ఒడ్డున, కయోవా-కమాంచీ గుడారంలో పుట్టానంటాడు. నార్మన్‌లో పుట్టినవాడికి ఆ నదే ఎందుకు కావాల్సొచ్చింది? 1868లో అమెరికా సైనికాధికారి కస్టర్ దళం షైయాన్ అనే మరో ఆదివాసీ తెగ ఊరి మీద తెల్లారకుండానే పడింది ఆ ఒడ్డునే. అది ఊరికే వచ్చిన పేరని నేననుకోను. ఆ ఆల్బమ్ అట్ట మీద బొమ్మ వేసింది కూడా వాళ్ళ నాన్నే.

తీగలబాబు:
ఇద్దరూ మాటల దగ్గరే ఉండిపోయారు, కాస్త వాయింపు సంగతి చూద్దాం. ‘స్టేట్స్‌బరో బ్లూస్’ 1928లో బ్లైండ్ విల్లీ మెక్‌టెల్ రికార్డు చేసిన పాట, నల్లవాళ్ళ బ్లూస్. డేవిస్ స్లైడ్ విన్నాకే ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్ గిటారిస్టు డ్యువేన్ ఆల్మన్ జలుబు మాత్రల సీసా వేలికి తొడుక్కుని సాధన మొదలెట్టాడు. ఆల్మన్ బ్రదర్స్ 1971 ఫిల్మోర్ ఈస్ట్ ఆల్బమ్ మొదలయ్యేదే ఈ పాటతో. ఇప్పుడు జనానికి అది ఆల్మన్ పాట. ఇటు మెక్‌టెలూ లేడు, అటు డేవిసూ లేడు. నా గొడవ తెగ గురించి కాదు, ఇదీ.
ఇక గాయకుడు జాక్సన్ బ్రౌన్ ‘డాక్టర్ మై ఐస్’ (1972)లో డేవిస్ సోలో. ఒక స్వరం వంచి, అది దిగేదాకా ఓపిక పట్టి, అప్పుడు రెండోది. అంత తీరిగ్గా వాయించడానికి ధైర్యం ఉండాలి. వేగం చూపించుకునే గిటారిస్టులంటే నాకు మొదట్నుంచీ పడదు, అది వేరే సంగతి.

పెసరట్టు_ఉప్మా:
ఈయన పేరే వినలేదు. ఎక్కడ మొదలెట్టాలి?

తీగలబాబు:
పైన చెప్పిన రెండూ. తర్వాత బాబ్ డిలన్ పాట ‘వాచింగ్ ద రివర్ ఫ్లో’, బీటిల్స్ జాన్ లెనన్ ఆల్బమ్ ‘వాల్స్ అండ్ బ్రిడ్జెస్’. నిజానికి మీరు ఆయన్ని చూసే ఉంటారు. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో సితార్ రవిశంకర్, బీటిల్స్ జార్జ్ హారిసన్ పెట్టిన బంగ్లాదేశ్ కచేరీలో ఉన్నాడు. గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ వస్తాడో రాడో అని పిలిపించారు. క్లాప్టన్ వచ్చినా పంపెయ్యలేదు.

నిశిరాగం:
చూశారా, హారిసన్, లెనన్ తెగ చూసి పిలవలేదు కదా! అసలు బ్లూస్ మూలాల్లోనే నేటివ్ (అమెరికా ఆదివాసీ) సంగీతం ఉందని 2017 డాక్యుమెంటరీ ‘రంబుల్’ వాదిస్తుంది. తొలితరం బ్లూస్ గాయకుడు చార్లీ ప్యాటన్ దాకా వెళ్తారు. నేను సగమే నమ్ముతా.

గోదారిగట్టు:
డాక్యుమెంటరీ వదిలెయ్యండి. 1986 నాటి ‘గ్రాఫిటీ మ్యాన్’ క్యాసెట్ సంగతేంటి? అది చేసిన జాన్ ట్రుడెల్ సాంటీ డకోటా తెగ మనిషి, 1970లలో ఆదివాసీ హక్కుల సంస్థ అమెరికన్ ఇండియన్ మూవ్‌మెంట్‌కి అధ్యక్షుడు. 1979లో ఇల్లు తగలబడి భార్యాపిల్లలు పోయాక కవిత్వంలో పడ్డాడు. నీ మాటలకు నేను సంగీతం కడతానని వెతుక్కుంటూ వచ్చింది డేవిసే. ఆ ఏడాది ఉత్తమ ఆల్బమ్ అదేనన్నాడు డిలన్. లెనన్ దగ్గర డబ్బులకు వాయించాడు, ఇక్కడ తనవాళ్ళ కోసం వాయించాడు. రెండేళ్ళకే, 1988లో, పోయాడు.

నిశిరాగం:
విన్నానండీ. అక్కడా గిటార్ అదే బ్లూస్-రాక్. మాట ట్రుడెల్‌ది, తీగ పాతదే.

గోదారిగట్టు:
మారాలని ఎవరన్నారు? కయోవా మనిషి వాయిస్తే డప్పు, పిల్లనగ్రోవి వినపడితేనే అది వాళ్ళ సంగీతమా? టెలికాస్టర్ గిటార్ పట్టుకుని బ్లూస్ వాయించిన కయోవా ఉండకూడదా? మీరు వినపడలేదంటున్నది బహుశా మీరు ఊహించుకున్న కయోవాయేమో.

నిశిరాగం:
అలాగైతే వినేవాడికి ఆ సంగతి ముందే చెప్పాల్సిన పనేముంది? ముందు వాయింపు విననివ్వండి, మనిషి నచ్చితే ఊరూ పేరూ వాడే అడుగుతాడు.

పెసరట్టు_ఉప్మా:
‘స్టేట్స్‌బరో’ విన్నా, అదిరింది. ఊరు అడుగుదామంటే మీరు ముందే చెప్పేశారు. కానివ్వండి, నేను ‘వాషితా’కి వెళ్తున్నా.